నాలుగో హెచ్చరిక



43, 48, 53. భద్రాచలంలో ఈ మూడంకెలు తెలియని మనిషి ఉండడు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి వస్తే రెండోది, 53 దాటితే మూడోది. ధవళేశ్వరం దగ్గరికొచ్చేసరికి అంకెలు మారతాయి: 11.75, 13.75, 17.75. నది మధ్య లంకల్లో ఉండేవాళ్ళు శ్రావణమాసంలో ఈ అంకెలు వినడానికే రేడియో పెట్టుకునేవాళ్ళు. రెండో హెచ్చరిక అన్నారంటే గొడ్లను ఏటిగట్టు మీదికి తోలాలి, ధాన్యం అటకెక్కించాలి, పడవ ఎక్కడుందో చూసుకోవాలి. మూడోది వచ్చాక చూసుకోడానికి ఇంకేం ఉండదు, ప్రాణాలు దక్కించుకోవడమే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జులైలో 71 దాటింది. ఆ రెండు వరదలూ చూసినవాళ్ళు ఈ ప్రసంగం వింటూ ఉండొచ్చు, వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఇన్నేళ్ళ అలవాటు మీద నది పొంగితే ఏం చెయ్యాలో మనకు నోటికి వచ్చు. కలెక్టరు దగ్గర్నుంచి లంకలో పాలు పోసే మనిషి దాకా ఎవరి పని వాళ్ళకు తెలుసు. నది తగ్గిపోతే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ అనుకోలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ దించి, ఉన్న నీళ్ళన్నీ కాలవలకు మళ్ళించాక, కిందనున్న గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో ఎంత నీరు మిగలాలి? ఎంతకు తగ్గితే ప్రమాదం? ఆ అంకె ఏ రాతి గేజీ మీదా గీసి లేదు, ఏ వార్తల్లోనూ చదవరు. ఆ లేని నాలుగో హెచ్చరిక గురించే ఈ పూట నా మాటలు.

ముందే ఒకటి చెప్పేస్తాను. డ్యాములు వద్దనే మనిషిని కాను. మాది డెల్టా. తూర్పు కాలవ కింద పండిన వరి తిని పెరిగాను. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించకపోతే ఈ జిల్లాల రూపే వేరు. అంతకుముందు ఇదే గోదావరి ఒడ్డున జనం కరువుతో మాడి చచ్చారు. 1832-33 నాటి నందన కరువు పేరు మా తాతల తరం దాకా తిట్టులాగా మిగిలింది. అందుకే ఊరూరా కాటన్ విగ్రహం, రేవులో సంకల్పం చెప్పే పురోహితుల్లో కొందరు ఆయన పేరూ కలిపి చదవడం. పరాయి దేశపు ఇంజనీరుకు తర్పణం ఏమిటని నవ్వేవాళ్ళున్నారు. ఆకలి తెలిసినవాళ్ళకు అలాగే మొక్కబుద్ధవుతుంది.

అయితే ఆ ఆనకట్ట మీద ఫిర్యాదు కూడా దాదాపు అంత పాతదే. ఫ్రాన్సిస్ డే అని మద్రాసు సర్కారు కొలువులో ఒక వైద్యుడుండేవాడు. చేపల మీద ప్రేమకొద్దీ దేశమంతా తిరిగి, మత్స్య శాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1873లో అచ్చయిన ఆయన నివేదికలో, నదులకు అడ్డంగా కట్టే ఆనకట్టలు ఎదురీదే చేపల దారి మూసేస్తున్నాయనీ, వాటికి దారి వదలాలనీ రాశాడు. ఆయన ముఖ్యంగా బాధపడిన చేప, మన పులస. ధవళేశ్వరం ఆనకట్ట అయిన ఇరవై ఒక్క ఏళ్ళకే ఈ మాట కాగితం మీదికి వచ్చిందన్నమాట. ఆ తర్వాత పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చింది. డే గారి మాట అచ్చులోనే ఉండిపోయింది.

పులస గురించి గోదావరి జిల్లాల వాళ్ళకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. కానీ రేడియో అందరిదీ కాబట్టి, అనంతపురంలోనో ఆదిలాబాదులోనో వింటున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది పుట్టడం మంచినీళ్ళలో, పెరగడం సముద్రంలో. ఆషాఢం వెళ్ళాక పైనుంచి ఎర్రనీరు దిగుతుంది చూడండి, మట్టి కలిసిన తొలి వరద, ఆ నీటి వాసన పట్టుకుని గుడ్లు పెట్టడానికి అంతర్వేది వైపు నుంచీ యానాం వైపు నుంచీ నదిలోకి ఎక్కుతుంది. ఎదురీదే కొద్దీ ఉప్పు వదిలి, ఒంట్లో కొవ్వు సర్దుకుని, ఆ రుచి వస్తుంది. పుస్తెలమ్మైనా తినమన్న చేప ఇదే. మట్టిదాకలో, కట్టెల పొయ్యి మీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి, పైన ఆవకాయ నూనె చుక్క తగిలించి, ఆ పూట మూతపెట్టి మర్నాడు తింటారు. ముళ్ళు మాత్రం ఎక్కువ, తొందరపడే మనిషికి పనికిరాదు. ఇప్పుడు యానాం రేవులో ఒక మంచి చేప వేలం పాటలో వేలకు వేలు పలుకుతోంది. అది పేపర్లలో ఘనంగా వేస్తున్నారు గానీ, ధర పెరగడం రుచి పెరిగినందుకు కాదు, చేప కరువైనందుకు.

ఆ రేవులోనే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను. "ఏం బాబాయ్, ఇదివరకటిలా పడుతున్నాయా?" అని. "ఎక్కడండీ బాబూ! ఎర్రనీరు దిగితేనే గదండీ చేప ఎక్కేది. నీళ్ళు మీరు పైన పట్టేసుకుని చేపేదని మమ్మల్నడిగితే ఎలాగండీ?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, వల మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. సమాధానం నా దగ్గర లేదు. మా చేలకు పారేదీ ఆ నీళ్ళే.

ఇది ఒక్క గోదావరి గొడవ కాదు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచెయ్యడం మొదలుపెట్టేదాకా ఇదే చేప, ఇలిశ అని బెంగాలీలు ప్రాణం పెట్టే చేప, అలహాబాదు దాటి ఎదురీదేది. ఫరక్కా తర్వాత ఎగువన దాదాపు కనిపించడం మానేసింది. ఒక గోడ, అటు వేల మంది జాలరుల జీవనం. గోడ కట్టినప్పుడు ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు.

సరే, ఇక పెద్ద లెక్క దగ్గరికి వద్దాం. గోదావరి నుంచి ఏటా సగటున మూడువేల టీఎంసీలు సముద్రంలో కలుస్తున్నాయని ప్రతి ఎన్నికల సభలో వింటుంటాం. అంకెలో అబద్ధం లేదు. కానీ ఆ మూడువేలూ ఎప్పుడు పోతున్నాయి? జులై నుంచి అక్టోబరు దాకా, అందులోనూ ఎక్కువ భాగం వరద వచ్చిన కొద్ది రోజుల్లో. రేడియో వింటూ వేసుకోగల లెక్క ఒకటి చెబుతాను. 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వేగం ఒక్క రోజు నిలిస్తే 216 టీఎంసీలు. ధవళేశ్వరానికి ఎగువన కడుతున్న పోలవరం జలాశయం నిండా నింపితే పట్టేది 194. అంటే వేలకు వేల ఎకరాలు ముంచి, యాభై వేల కోట్ల పైచిలుకు పెట్టి కట్టే జలాశయం ఖాళీగా ఉన్నా, ఆ వరద దాన్ని ఒక్క రోజు తిరక్కుండానే నింపి పక్కకు నెట్టుకుని వెళ్ళిపోతుంది. మిగతా రోజుల నీటిని ఆపేది ఎవరు, ఎక్కడ?

పైగా ఆ వరద నీరు ఊరికే పోవడం లేదు. వరద మోసుకెళ్ళే ఒండ్రుమట్టే డెల్టాకు పునాది. కోనసీమ మొత్తం ఆ మట్టి మీదే కూర్చుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం, 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టి సముద్రానికి చేర్చేది. 2000 తర్వాతి ఏళ్ళలో అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతాది ఎక్కడికి పోయింది? ఎగువన కట్టుకున్న జలాశయాల అడుగున ఉంది. కృష్ణ మీద చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక పోను ఇప్పుడు లెక్కల్లో ఉన్నది 215. నాగార్జునసాగర్ 408 నుంచి 312కి దిగింది. అక్కడ చెరువు పూడుతోంది, ఇక్కడ తీరం అరుగుతోంది. రెండూ ఒకే మట్టి చేస్తున్న పనులు. కాకినాడ పక్కన ఉప్పాడలో సముద్రం ఇళ్ళను లాక్కుపోతుంటే ఏటా రాళ్ళు వేస్తారు. ఆ కోతకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, నది తెచ్చిపోసే మట్టి తగ్గాక తీరానికి ఆసరా ఏముంటుంది?

వరద సంగతి అలా ఉంచండి. నా అసలు దిగులు ఎండాకాలం గురించి.

మాఘమాసం వచ్చేసరికి బ్యారేజీ దిగువన గోదావరి నడిచి దాటేలా ఉంటుంది. ఇసుక తిన్నెలు, మధ్యలో మడుగులు. కిందినుంచి పోటు నీరు ఎక్కుతుంది. పైనుంచి తోసే మంచినీరు లేకపోతే ఉప్పు పైపైకి వస్తుంది. కోనసీమ తీరపు ఊళ్ళల్లో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడటం, కొబ్బరిచెట్టు కాపు తగ్గటం, బిందె మంచినీళ్ళకు ట్యాంకరు కోసం కాచుకోవటం, చుట్టూ మూడు పాయలున్న చోట! రొయ్యల చెరువుల పాపం ఇందులో ఉంది, కాదనను. కానీ నదిలో మంచినీటి పారుదల ఉంటే ఆ పాపం ఇంతగా పండేది కాదు.

కోరింగ మడ అడవి కూడా ఇంతే. మడచెట్టు ఉప్పులో బతుకుతుందనేది సగం నిజం. దానికి ఉప్పూ మంచినీరూ కలిసిన నీళ్ళు కావాలి. ఆ కలయికలోనే రొయ్యపిల్ల, పీతపిల్ల, చేపపిల్ల పెరిగి సముద్రానికి వెళతాయి. కాకినాడ రేవులో ఐస్ పెట్టి ఎగుమతి చేసే సరుకులో చాలా భాగం చిన్నప్పుడు ఈ బురదలో ఆడుకున్నదే. నదికి నీరొదలడం ఎవరికో దానం చేసినట్టు మాట్లాడేవాళ్ళు ఆ రేవు లెక్కల పుస్తకం ఒకసారి చూడాలి. 1996 నవంబరు తుపాను తర్వాత తీరంలో ఆ అడవి విలువ ఏమిటో ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు.

మరి ఎండాకాలంలో నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి? ఇక్కడే డ్యాముల మీద నాకున్న ఆశ కూడా చెప్పాలి. దాళ్వా వరి, అంటే ఎండాకాలపు రెండో పంట, ఏ నీటితో పండుతోందో మన రైతుల్ని అడగండి, "సీలేరు నీళ్ళండీ" అంటారు. ఒడిశా సరిహద్దులో బలిమెల, కింద డొంకరాయి, ఆ కింద పొల్లూరు కరెంటు కేంద్రం. అక్కడ టర్బైను తిప్పిన నీరు సీలేరు నుంచి శబరిలోకి, శబరి నుంచి కూనవరం దగ్గర గోదావరిలోకి, పాపికొండల మధ్యనుంచి ధవళేశ్వరానికి, అక్కణ్ణుంచి కాలవకు, కాలవ నుంచి బోదెకు, బోదె నుంచి చేలోకి. గోదావరి సహజ ప్రవాహం అడుగంటిన ఏడాది, జలవనరుల శాఖ వాళ్ళు కరెంటు సంస్థ జెన్‌కో వాళ్ళను ఇంకొంచెం వదలమని బతిమాలుకుంటారు. వాళ్ళు వదులుతారు. వంతులవారీ పెట్టి, లస్కర్లు రాత్రుళ్ళు గట్లమీద తిరిగి, చివరి భూములకు నీరందించి పంట గట్టెక్కిస్తారు. కొండల్లో నిలవున్న నీరు ఎండాకాలంలో ఎంత దూరానికి ప్రాణం పోయగలదో దీంతో తెలియడం లేదూ?

అదే నీటిలో ఒక పాలు బ్యారేజీ దాటి కిందికి ఎందుకు వెళ్ళకూడదు? లెక్క చూద్దాం. ఊరికే ఉదాహరణకు, రెండువేల క్యూసెక్కులు ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులు వదిలామనుకోండి. సుమారు 21 టీఎంసీలవుతుంది. మూడువేలతో పోలిస్తే లెక్కలోకి రాదు. కానీ డెల్టాలో దాళ్వా మొత్తానికి కావలసింది 90 టీఎంసీల ప్రాంతం. అందులోంచి 21 అంటే రైతు గుండె గుభేలుమంటుంది. మా వాళ్ళే నా మీద విరుచుకుపడతారు. వాళ్ళను తప్పుబట్టను. అందుకే ఈ నీరు ఇప్పటి దాళ్వా వాటాలోంచి కాక, కొత్తగా కట్టే నిలవలోంచి రావాలంటున్నాను. పోలవరంలో మనం వాడుకోగల నిలవ 75 టీఎంసీలు. విశాఖకు ఇంత, కుడికాలవకు ఇంత, ఎడమకాలవకు ఇంత, కరెంటుకు ఇంత అని దానికి వాటాదారులు ముందే తయారుగా ఉన్నారు. బ్యారేజీ కింది గోదావరికి ఎంత అన్న గడి ఆ పట్టికలో కనబడాలి. గేట్లు ఎత్తి దించే నియమావళి రాసే రోజునే రాయాలి. ఆయకట్టు పెరిగి, ప్రతి చుక్కకూ ఒక యజమాని తయారయ్యాక నదికి నీరడిగితే ఇచ్చేవాడుండడు.

ఇలా నదికి ముందు వాటా తీసిపెట్టడం అసాధ్యమేమీ కాదు. దక్షిణాఫ్రికాలో నల్లజాతివాళ్ళకు ఓటు వచ్చాక, మండేలా ప్రభుత్వంలో కాదర్ అస్మల్ జలవనరుల మంత్రి అయ్యాడు. 1998లో ఆయన తెచ్చిన జలచట్టంలో ఒక ఏర్పాటుంది. ఏ నదిలోనైనా ముందు రెండు వాటాలు పక్కన పెట్టాలి: మనుషుల కనీసావసరాలకు ఒకటి, నది బతకడానికి ఒకటి. ఆ తర్వాతే సాగుకైనా, గనులకైనా, ఫ్యాక్టరీకైనా. అమలులో అక్కడా తిప్పలు పడుతున్నారు, అది వేరే కథ. కానీ చట్టంలో వరస మారింది. అదే అస్మల్ అధ్యక్షతన ప్రపంచ ఆనకట్టల కమిషన్ పనిచేసి, 2000 నవంబరులో నివేదిక ఇచ్చింది. మన మేధా పాట్కర్ అందులో సభ్యురాలు, డ్యాములు కట్టే కంపెనీల వాళ్ళూ సభ్యులే. ఆ రెండు పక్షాలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడమే ఒక వింత. ప్రపంచమంతటా డ్యాముల కింద కదిలిపోయినవాళ్ళు నాలుగు కోట్ల నుంచి ఎనిమిది కోట్ల దాకా ఉంటారని ఆ నివేదిక అంచనా. నాలుగా, ఎనిమిదా? అంత తేడా ఎందుకొచ్చిందంటే, చాలా చోట్ల వాళ్ళను లెక్కపెట్టినవాళ్ళే లేరు.

మన దగ్గర గంగ ఎగువ భాగానికి కేంద్రం 2018లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. నెలల వారీగా, వచ్చే నీటిలో 20 శాతమో 25 శాతమో 30 శాతమో ప్రాజెక్టులు కిందికి వదలాలని. కృష్ణ మీద బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో కనీస ప్రవాహానికని కొంత నీరు విడిగా చూపింది, ఆ తీర్పు కోర్టు దగ్గర ఆగింది. గోదావరి మీద 1980లో బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు రాష్ట్రాల మధ్య పంపకం. అప్పటి కాలానికి అది పెద్ద పనే. కానీ రాష్ట్రాలకే తప్ప నదికి అందులో వాటా లేదు.

మనుషుల విషయంలోనూ ఇదే వరస తప్పు జరుగుతోంది. శ్రీశైలం నిర్వాసితులు తెలుసుగా. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు. నీళ్ళు ఊళ్ళోకి వచ్చాక బయల్దేరినవాళ్ళున్నారు. కుటుంబానికొక ఉద్యోగం అని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చారు. ఆ జీవో పట్టుకుని తిరిగిన తండ్రులు పోయారు, కొడుకులు ముసలివాళ్ళయ్యారు, నిన్నమొన్నటి దాకా "98 జీవో" అన్న బ్యానరుతోనే ధర్నాలు. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో నీళ్ళలోంచి బయటికొస్తే చూడ్డానికి కార్లేసుకుని వెళతాం. అదే నీటి అడుగున ఎవరి ఇల్లు ఎక్కడుందో చూపించగల మనుషులు ఆ చుట్టుపక్కలే ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గర మనం కారు ఆపం.

పోలవరం అంచనాలు చూడండి. 2017-18 ధరల ప్రకారం ప్రాజెక్టు మొత్తం సుమారు 55,549 కోట్లని సాంకేతిక కమిటీ లెక్క. అందులో భూసేకరణ, పునరావాసం 33 వేల కోట్ల పైచిలుకు. అంటే సిమెంటు, ఇనుము, గేట్లు, కాలవలు అన్నీ కలిపినా దానికంటే తక్కువే. కాగితం మీద ఈ ప్రాజెక్టులో పెద్ద పని మనుషుల్ని పద్ధతిగా తరలించడం. నేల మీద ఏ పని ముందయిందో అందరం చూశాం. 48 గేట్ల స్పిల్‌వే లేచింది, వరద ఏటా ఆ గేట్ల గుండా మళ్ళింది. ముంపు గ్రామాలు 370కి పైగా, కుటుంబాలు లక్ష దాటి, వాళ్ళలో సగం దాకా కోయలు, కొండరెడ్లు. మొదటి దశ కిందికి వచ్చే 38 వేల కుటుంబాల్లో 2024 దాకా తరలినవాళ్ళు సగం కూడా లేరు. 2022 వరదలో వేలేరుపాడు, కుక్కునూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల వాళ్ళు సామాన్లు మోసుకుని గుట్టలెక్కి టార్పాలిన్ల కింద వానలో కూర్చున్నారు. పునరావాస కాలనీకి వెళదామంటే ఇల్లు పూర్తి కాలేదు, ఊళ్ళో ఉందామంటే ఊరు నీళ్ళల్లో.

ఇంకో ముడి ఉంది, అది బయటివాళ్ళకు సులువుగా కనపడదు. సర్వే నాడు పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు విడిగా ప్యాకేజీ. సర్వే జరిగిననాటికి ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్ల, తరలించే నాటికి పెళ్ళై బిడ్డ తల్లి. ఆమెకు లెక్కల్లో కుటుంబం లేదు. పని ఆలస్యం చేసింది సర్కారు, ఆ ఆలస్యంలో పెద్దదవడం ఆ పిల్ల చేసిన నేరం. ఇంకా అడవి సంగతి. కొండరెడ్డి ఇంటికి ఆదాయం పొలం ఒక్కటే కాదు. చింతపండు, అడ్డాకు, కరక్కాయ, వెదురు, జీలుగు కల్లు, ఏట్లో చేప. పట్టా భూమిలో చెట్టుకు ధర కడతారు. అడవిలో చెట్టు ఎవరిదని కడతారు? మైదానంలో రెండు గదుల ఇల్లు, ముందు సిమెంటు రోడ్డు ఇచ్చాం కదా అంటారు అధికారులు. మంచి ఇళ్ళే, నిజం. కానీ జంగారెడ్డిగూడెం దగ్గరి కాలనీలో కూర్చున్నవాడికి ప్రతి కట్టెపుల్లా కొనుక్కోవాలి. నగదుతో బతకడం అలవాటు లేని ఇంట్లోకి ఒక్కసారి లక్షలు వస్తే ముందు వచ్చేది బైకు షోరూము వాడు.

ఏం చెయ్యొచ్చు? నాకు తోచింది చెబుతాను. నీళ్ళు ఎంత మట్టానికి నింపాలన్నది, ఆ మట్టం కింద ఉన్న ఆఖరి కుటుంబం కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించినట్టు గ్రామసభ రాసిచ్చిన కాగితానికి ముడిపెట్టాలి. ఇంజనీరు సిద్ధమన్నా ఆ కాగితం రానిదే గేటు దించకూడదు. పోలవరాన్ని 41.15 మీటర్ల దాకా ఒక దశ, 45.72 దాకా ఇంకో దశ అని ఎలాగూ విడదీశారు గనుక, ఈ షరతు పెట్టడానికి ఇంతకంటే అనువైన ప్రాజెక్టు దొరకదు. ఆలస్యమవుతుందంటారేమో. ప్రాజెక్టుకు శంకుస్థాపన 1980 ప్రాంతంలో జరిగింది. ఆలస్యం గిరిజనుల వల్ల కాలేదు.

నది వాటాకు కూడా పెద్ద చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏటా దాళ్వాకు ముందు నీటిపారుదల సలహా మండలి కూర్చుంటుంది. కలెక్టరు, ఎమ్మెల్యేలు, ఇంజనీర్లు, రైతు ప్రతినిధులు. ఎన్ని ఎకరాలకు నీరివ్వాలి, సీలేరు నుంచి ఎంత వస్తుంది, కాలవలు ఏ తేదీన కట్టెయ్యాలి, అన్నీ అక్కడే తేలతాయి. ఆ అజెండాలో ఇంకో అంశం చేర్చొచ్చు: బ్యారేజీ దిగువకు నెలకు ఎంత వదులుతాం, కిందిపాయల్లో ఉప్పు ఎక్కడిదాకా ఎక్కితే అదనంగా వదులుతాం. ఉప్పు కొలవడం పెద్ద విద్య కాదు, రొయ్యల రైతు జేబులోనే ఆ మీటరు ఉంటుంది. కోటిపల్లి రేవులో ఒకటి, వసిష్ఠ మీద ఒకటి, వైనతేయ మీద ఒకటి పెట్టి, రోజూ అంకె రాసి, వరద మట్టం చెప్పినట్టే సాయంత్రం వార్తల్లో చెప్పమనండి.

ఆ సమావేశంలో మత్స్యకారుల తరఫున కూడా ఒక కుర్చీ వెయ్యాలి. ఇందులో చిన్న చిక్కుంది. గౌతమి సముద్రంలో కలిసేముందు దాటే ఊరు యానాం. అది పుదుచ్చేరిది. గోదావరి ట్రిబ్యునల్ ముందు అయిదు రాష్ట్రాలు నిలబడ్డాయి, పుదుచ్చేరి వాటిలో లేదు. సలహా మండలి జిల్లాలవారీగా కూర్చుంటుంది, యానాం మన జిల్లా కాదు. పైన ఎవరు నీళ్ళు పట్టినా ఆఖర్న అనుభవించే ఊరికి ఏ బల్ల దగ్గరా చోటు లేదు. దీనికి పార్లమెంటు దాకా వెళ్ళక్కర్లేదు, కాకినాడ కలెక్టరాఫీసు నుంచి యానాం గంట ప్రయాణం. వచ్చే దాళ్వా సమావేశానికి అక్కణ్ణుంచి ఇద్దరు జాలరుల్ని రమ్మని ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది.